తిట్టని బామ్మర్ది

ఇదిగో, పోయినసారి కథలో అంకన్నని తీగల వంతెన మీద వదిలేశాం కదా, ఆ వంతెన పుటుక్కున తెగిపోయింది. తెగితే తెగింది, అంకన్నకేం కాలేదు. గాల్లో ఏడు పల్టీలు కొట్టి, ఎనిమిదో దానికి ఓపిక లేక, లోయలో ఓ గడ్డివాము మీద వెల్లకిలా పడ్డాడు. కళ్ళు తెరిచేసరికి చుట్టూ ఇరవై మంది నిలబడి వాణ్ణే చూస్తున్నారు. ఒక్కరు పలకరించలేదు. ఒక్కరు నవ్వలేదు. అందరి తలలకీ గుడ్డలు చుట్టి ఉన్నాయి.

ఆ తలగుడ్డలు చూడగానే అంకన్న గుండె గుభేలుమంది.

ఎందుకనుకున్నారు? వాడు వెంటాడుతూ వచ్చిన మాయలోడు ధూమకేశుడికి నెత్తిన జుట్టుండదు, పొగ ఉంటుంది. వాడు ఎవరి మొహం తగిలించుకున్నా ఆ పొగ మాత్రం మారదు. అందుకే ఎప్పుడూ తలకి గుడ్డ చుట్టుకునే తిరుగుతాడు. తీరా చూస్తే ఈ లోయలో ముసలీ ముతకా, ఆడా మగా, చంకలో పసిగుడ్డుతో సహా అందరికీ గుడ్డలే! వీళ్ళలో మాయలోడెవడో ఎలా పట్టుకోవాలి?

వాణ్ణి పట్టుకోకపోతే ఊరు ఊరంతా మునుగుతుంది. ముప్పై ఏడు రోజుల కిందట ఆ ధూమకేశుడు విరజాపురం కోటగుమ్మం మీద కూర్చుని ఒక్క ఆవులింత ఆవులించాడు. అంతే, ఊళ్ళో గొంతులన్నీ ఎగిరెళ్ళి వాడి నోట్లో పడ్డాయి. రాజుగారి గొంతు, రాణిగారి గొంతు, కూరలమ్మేవాళ్ళ గొంతులు, గాడిదల గొంతులు, ఆఖరికి తలుపుల కిర్రుమనే చప్పుడు కూడా. ఇప్పుడక్కడ మొగుడూ పెళ్ళాం పోట్లాడుకోవాలంటే చేతులు తిప్పీ తిప్పీ భుజాలు పీకేస్తున్నాయి. అంకన్న రాజుగారి గుర్రాలకి లాడాలు కొట్టేవాడు. ఆ రోజు ఇనుము కోసం పక్కూరు వెళ్ళాడు గనక వాడి గొంతొక్కటే మిగిలింది. తిరిగొచ్చేసరికి వాళ్ళమ్మ గుమ్మంలో నోరు తెరిచి నిలబడింది. మాట రాలేదు, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

నలభై రోజులు నిండితే ఆ గొంతులు మాయలోడి కడుపులో అరిగిపోతాయి. ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా తేలేడు. "కంచులోయలో గద్దముక్కు కొండకి కారుతేనె పడుతుంది. దాని చుక్క నాలిక మీద పడితే, గొంతు ఎక్కడ ఇరుక్కున్నా సరే బయటికి లాగుతుంది," అని దారిలో ఓ బైరాగి చెప్పాడు. చెప్పి, "అయితే నాయనా, వాడు నీకంటే ముందే ఆ లోయకి చేరాడు. ఎవరి మొహం పెట్టుకున్నాడో నాకూ తెలీదు," అని తన దారిన తను పోయాడు.

ఆ లోయ అందం చెప్పాలంటే ఒక నోరు చాలదు. రెండు పక్కలా కొండలు ఆకాశానికి గోడలు కట్టినట్టు లేచిపోయి ఉంటాయి. వాటి మధ్యన పసుపు దంచి ఆరబోసినట్టు కొర్రచేలు. ఇళ్ళేమో కొండకి తేనెపట్టుల్లా అతుక్కుని, ఒకరి పెరడు ఇంకొకరి ఇంటికప్పు మీద. ప్రతి గుమ్మానికీ ఒక తాడు వేలాడుతుంది. ఊరికే తాడనుకునేరు! తాతముత్తాతల నుంచి వస్తున్న తాడు. ఆ ఇంట్లో కొత్తతరం పుట్టినప్పుడల్లా అడవినార తెచ్చి ఒక్కో పేట కలిపి పేనుతారు. తాడుకి పేరుంటుంది, పండక్కి కొత్తబట్ట ఉంటుంది, నైవేద్యం ఉంటుంది. ఇక కేకల సంగతి. కంచులోయలో పొద్దున కేకేస్తే మధ్యాన్నానికి గానీ తిరిగి రాదు. పిల్లలు అన్నం వేళకి రారని తెలిసిన తల్లులు ముందురోజే పిలిచి పెట్టుకుంటారు.

అంకన్నకి ఆ అందం కనపడితే కదా! వాడికి కనపడిందల్లా అనుమానమే. అన్నం పెట్టారు. పెట్టి, వాడు ముద్ద ఎత్తేలోపు పక్కనున్న ముసలాడు వాడి విస్తరిలో చెయ్యి పెట్టి ఒక ముద్ద తినేశాడు. విషం లేదని చూపించడం అక్కడి మర్యాద. అంకన్నేమో 'వీడేనా మాయలోడు?' అనుకున్నాడు. ఒకావిడ నవ్వింది. 'ఎందుకు నవ్వింది?' అనుకున్నాడు. ఇంకోడు నవ్వలేదు. 'ఎందుకు నవ్వలేదు?' అనుకున్నాడు. ఈ కొండ నుంచి ఆ కొండకి ఈలలేసుకుంటున్నారు. అవి తన గురించేనని వాడికి గట్టి నమ్మకం. నిజానికి తన గురించే. "వచ్చినోడు ముద్దకి ముందు అటూ ఇటూ చూస్తున్నాడు, దొంగలా ఉన్నాడు," అని ఆ ఈలల సారాంశం.

ఊరిపెద్ద సోలవ్వ. నూటపాతికేళ్ళుంటాయి, చేతిలో చుట్ట, తల చుట్టూ గుప్పుగుప్పున పొగ. అంకన్న ఆ పొగ ఆవిడ నోట్లోంచి వస్తోందా, నెత్తిలోంచి వస్తోందా అని మెడ తిప్పి తిప్పి చూశాడు.

"ఏంట్రా, నా నెత్తిమీద కోతులాడుతున్నాయా?" అంది సోలవ్వ.

"లేదవ్వా, ఊరికే."

"తేనెకొచ్చావా?"

"అవునవ్వా."

"బామ్మర్ది ఉన్నాడా?"

"ఎక్కడ?"

"ఇక్కడే. ఈ లోయలో నీకు బామ్మర్ది లేకపోతే తాడు ముట్టుకోనివ్వం. కొండమీంచి మనిషి దిగితే పైన తాడు పట్టేది బామ్మర్దే. అన్నదమ్ముడైతే పొలం కలిసొస్తుందని వదిలేయొచ్చు. స్నేహితుడైతే ఆవలిస్తూ వదిలేయొచ్చు. బామ్మర్ది వదలడు. వదిలితే తెగేది సొంత చెల్లెలి తాళి."

"మరి నాకు పెళ్ళి కాలేదే!"

అందరూ గొల్లుమన్నారు. మూలన కూర్చుని నార పేనుతున్న గురివి అనే పిల్ల మాత్రం నవ్వలేదు. లేచొచ్చి, అంకన్న చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి చూసింది.

"అవ్వా, కొలిమి దగ్గర కాలీ కాలీ కాయలు కాసిన చెయ్యి. ఇలాంటి చేతుల్తో దొంగతనం చేస్తే దొరికిపోతాడు. నేను చేసుకుంటా."

"ఒసే గురివీ!" అని ఇంటికప్పు మీంచి ఒకడు దూకాడు. వాడే గురివి అన్న కొర్రన్న. తుమ్మమొద్దు లాంటి మనిషి, తలగుడ్డ నాలుగు చుట్లు బిగించి కట్టాడు. "ఈ ఉడకని ఉలవగుగ్గిలినా చేసుకునేది? వీడి మొహం చూడు, గోడకి కొట్టి మర్చిపోయిన పిడకలా!"

"తాడుపెళ్ళే కదన్నా. తేనె తెస్తే మొగుడు. తేకపోతే ఎలాగూ ఉండడు."

ఆ మాట అంకన్నకి ఏమంత ధైర్యంగా అనిపించలేదు. కానీ మూడు రోజులే ఉన్నాయి, కారుతేనె కోసేది ఏడాదికి ఒక్క రోజు, ఆ రోజు ఈ రోజే. సరేనన్నాడు. గురివి వాడి మణికట్టుకి నారపోగు కట్టింది, నలుగురు డోళ్ళు కొట్టారు, సోలవ్వ ఇద్దరి నెత్తినా కొర్రలు చల్లింది. చెంబెడు నీళ్ళు తాగేలోపు పెళ్ళయిపోయింది.

అక్కణ్ణించి మొదలుపెట్టాడు కొర్రన్న. కొండెక్కే దారంతా తిట్లే తిట్లు.

"నడవ్వయ్యా, కుండకి కాళ్ళొచ్చినట్టు ఆ నడకేంటి? ఒరే తోక తెగిన తొండా! నిన్ను చూస్తే తేనెటీగలు తేనె మానేసి పచ్చడి పెడతాయిరా!"

అంకన్న ఒళ్ళు మండిపోయింది. తాడు పట్టాల్సినవాడు ఇంత కక్షగా ఉన్నాడేంటి? ఆ తలగుడ్డ అంత బిగించి కట్టాడెందుకు? 'వీడే ధూమకేశుడు, సందేహం లేదు. కొండమీంచి నన్ను పడేయడానికే చూస్తున్నాడు,' అనుకున్నాడు. వెంటనే గురివి చెవిలో ఊదాడు.

"గురివీ, మీ అన్న తలగుడ్డ ఒకసారి విప్పించవా?"

"తేనె కోసే రోజు గుడ్డ విప్పితే ఈగలు కుడతాయి మావా. ఏం?"

"వాడు నన్ను అస్తమానం తిడుతున్నాడు."

"తిట్టకపోతే ఎలా?" అని విచిత్రంగా చూసి, పచ్చాకుల కట్ట భుజానేసుకుని ఎదురు చరియ మీదకి వెళ్ళిపోయింది. ఈగలకి పొగ వెయ్యడం ఆమె పని. ఎదురు చరియ నుంచి ఇటు రావాలంటే కొండంతా చుట్టి రావాలి. ఇక కొండకొమ్మున తాడు పట్టేవాడు తప్ప ఇంకో మనిషి ఉండకూడదని లోయ కట్టుబాటు. ఉండేది కొర్రన్న, దిగేది అంకన్న, అంతే.

తాడు కట్టడానికి ముందు కొర్రన్న చేతులు కడుక్కోవడానికి రాతి వెనక వాగుకి వెళ్ళాడు. కాసేపటికి తిరిగొచ్చాడు. తాడు పేరు పెద్దయ్య, పందొమ్మిది తరాల పందొమ్మిది పేటలు, ఏనుగు తొండమంత లావు. అంకన్న దాన్ని నడుముకి బిగించి, మెడలో ఆనపబుర్ర వేలాడేసుకుని, నోట్లో కొడవలి కరిచి, దేవుణ్ణి తలుచుకుని దిగాడు.

అమ్మో, ఏం కొండ అది! కింద లోయ అరచేతిలో గీతంత. వాగు వెంట్రుకంత. కొండ కడుపులో కారుతేనె పట్టు వేలాడుతోంది, నల్లటి మబ్బు తప్పిపోయి గుహలోకి దూరినట్టు. దాని మీద ఈగలు పిచ్చుకంతేసి. అవి రెక్కలాడిస్తుంటే ఆ గాలికి అంకన్న మీసాలు వెనక్కి అంటుకుపోయాయి. ఎదురు చరియ నుంచి గురివి పొగ తెల్లటి పాములా ఊగుతూ వస్తోంది.

అప్పుడు పైనుంచి గొంతు వినపడింది.

"బావగారూ! కాస్త నెమ్మదిగా దిగండి. తమ పాదాలకి రాయి గుచ్చుకోగలదు."

అంకన్న ప్రాణం లేచొచ్చింది. 'అనవసరంగా అనుమానించాను పాపం. పైకి కరుకే గానీ మనసు వెన్న,' అనుకున్నాడు. ఆ సంతోషం పట్టలేక కొడవలి చేత్తో పట్టుకుని అరిచాడు.

"గురివీ! మీ అన్న మంచోడే!"

"ఏమన్నాడు?" అంది గురివి అటునుంచి.

"నెమ్మదిగా దిగండి బావగారూ అన్నాడు!"

ఎదురు చరియ మీద పచ్చాకుల కట్ట జారి లోయలో పడింది.

"గారూ అన్నాడా?"

"అవును! తమ పాదాలు అని కూడా అన్నాడు!"

"ఓరి నా పిచ్చి మొగుడో!" గురివి అరిచిన అరుపుకి ఈగలు కూడా ఒక్క క్షణం ఆగాయి. "వాడు మా అన్న కాదు! మా లోయలో తాడు పట్టినోడు తిడుతూనే ఉండాలి! తిట్టు వినపడుతోందంటే తాడు వాడి చేతిలో ఉందని, వాడు మెలకువగా ఉన్నాడని! మా తాత తిట్లు మా నాన్నకొచ్చాయి, మా నాన్నవి మా అన్నకొచ్చాయి, తాడుతో పాటు తిట్లు కూడా నేర్పుతారు మాకు! మా అన్న మెడ కోసినా నిన్ను గారూ అనడు!"

అంకన్న తాడుని గట్టిగా వాటేసుకున్నాడు. పైకి చూశాడు. కొమ్మున కొర్రన్న మొహమే వంగి చూస్తోంది.

"అటులనా!" అంది ఆ మొహం. గొంతు సవరించుకుంది. "అయినచో వినుము. ఓరీ దురాత్మా! మూఢా! నీచాధమా!"

ప్రాణం పోయే వేళ కూడా అంకన్నకి నవ్వాగలేదు. "అవేం తిట్లయ్యా! అలా తిడితే మా ఊళ్ళో గాడిద కూడా పక్కకి జరగదు!"

మాయలోడికి రోషం వచ్చింది. నడుములోంచి కత్తి లాగాడు. పెద్దయ్య మీద పెట్టాడు. టప్! పందొమ్మిదో తాత పేట తెగింది. టప్! పద్దెనిమిదో తాత. అంకన్న జానెడు కిందకి జారాడు.

ఎక్కాలా, తేనె కొయ్యాలా? ఎక్కితే ప్రాణం దక్కుతుందేమో, ఊరు మూగబోతుంది. ఆలోచించే తీరిక ఎక్కడిది! ఊగాడు, ఊగి కొండని కాలితో తన్ని, రెండో ఊపుకి తేనెపట్టు మీద పడ్డాడు. ఈగలు లేచాయి. బుగ్గ బూరె అయింది, ముక్కు వంకాయ అయింది, ఒక కన్ను మూసుకుపోయింది. పైన టప్ టప్ మని తాతలు తెగుతున్నారు, కింద వీడు సరసరా పట్టు కోసి బుర్రలోకి పిండుతున్నాడు. బుర్ర నిండేసరికి పైన మిగిలింది మూడు పేటలు. టప్. రెండు.

అంతలో పైన దబ్బున చప్పుడు. కత్తి తళుక్కుమంటూ అంకన్న చెవి పక్కనుంచి లోయలోకి పోయింది. దాని వెనక రాళ్ళు, మట్టి, ఒక చెప్పు. ఎవరో ఎవర్నో కుమ్ముతున్నారు. తాడు ఒక్కసారి వదులైంది, అంకన్న పైప్రాణాలు పైనే పోయాయి. మళ్ళీ బిగిసింది. తర్వాత అంతా నిశ్శబ్దం.

"బామ్మర్దీ!" అని అరిచాడు అంకన్న. "తిట్టరా నాయనా! ఒక్క తిట్టు తిట్టు!"

పలుకు లేదు.

తాడు పట్టుకున్నదెవడు? మాయలోడు వాగు దగ్గర కొర్రన్నని కట్టేసి ఉంటాడు. గొంతులు మింగే అలవాటు ఉన్నవాడు, వాడి గొంతు కూడా మింగే ఉంటాడు. కాబట్టి కొర్రన్న కట్లు తెంపుకుని వచ్చినా తిట్టలేడు. మరి మాయలోడు? తన తిట్లు చెల్లవని తెలిసిపోయింది, వాడూ నోరు మూసుకునే ఉంటాడు. పైన ఉన్నది బామ్మర్దో, బ్రహ్మరాక్షసో!

అప్పుడు ఎడంపక్క నుంచి తపక్కున ఏదో నెత్తిన పడింది. తడిమి చూసుకున్నాడు. పచ్చి మేకపెంటిక.

"నా బామ్మర్దే!" అని అంకన్న గంతేసినంత పని చేశాడు. నోట మాట లేకపోతేనేం, తిట్టాలన్న మనసుంది కదా! చకచకా ఎక్కడం మొదలుపెట్టాడు. నాలుగు బారలు ఎక్కాడో లేదో కుడిపక్క నుంచి ఇంకో పెంటిక వచ్చి బుగ్గమీద పడింది. మొదటిది ఎడంపక్క నుంచి కదా వచ్చింది? ఆగాడు. ఎడంపక్క నుంచి ఒకటి. కుడిపక్క నుంచి ఒకటి.

కొమ్ము మీదకి తల పెట్టి చూశాడు. ఇద్దరు కొర్రన్నలు! ఒకే తలగుడ్డ, ఒకే మొహం, ఒకే చోట చిరిగిన చొక్కా. ఇద్దరూ బోర్లా పడుకుని చెరో చేత్తో తాడు పట్టుకుని, ఆయాసంతో నోళ్ళు తెరుచుకుని, రెండో చెయ్యి అంకన్న వైపు చాపుతున్నారు. బుర్ర ఇటివ్వు, బుర్ర ఇటివ్వు అని.

సరైన చేతికిస్తే సరి. తప్పు చేతికిస్తే తేనె లోయపాలు, దాని వెనకే అంకన్న. తలగుడ్డ లాగుదామంటే వాడి రెండు చేతులూ తాడుకే చాలడం లేదు. మిగిలిన రెండు పేటల్లో ఒకటి పోగుపోగుగా విడిపోతోంది. 'గొంతు ఎక్కడ ఇరుక్కున్నా బయటికి లాగుతుంది' అన్నాడు కదా బైరాగి? అనుకున్నాడో లేదో, పళ్ళతో బుర్ర మూత పీకి, మెడ ఒక్క విసురు విసిరాడు. తేనె చెరువు తెగినట్టు ఎగిరి ఇద్దరి నోళ్ళలోనూ పడింది.

ఎడంపక్క కొర్రన్న గుటకేశాడు.

"ఒరే చెవిటి చెక్కగరిటే! అంత తేనె ఒలకబోస్తావురా? నీ చేతులు విరిగి చేటలో పడ!"

ఆహా, అంకన్న చెవులకి అమృతం పోసినట్టుంది!

కుడిపక్కవాడు మాత్రం నోరు రెండు చేతులా మూసుకున్నాడు. ఆగుతుందా? బుగ్గలు ఉబ్బాయి, కళ్ళు తేలాయి, వేళ్ళ సందుల్లోంచి ముందు "వంకాయలమ్మా వంకాయలు!" అని వచ్చింది. తర్వాత గాడిద ఓండ్ర. తలుపు కిర్రు. రాణిగారి తుమ్ము. ఆ తర్వాత కట్ట తెగింది. అత్తలు, కోడళ్ళు, భటులు, భజన చేసేవాళ్ళు, అందరి గొంతులూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎగిరి, గువ్వల గుంపులా విరజాపురం దిక్కుకి సాగిపోయాయి. మధ్యలో ఒకటి అంకన్న చెవి దగ్గర ఆగి, "ఇంకా రావేంట్రా, అన్నం చల్లారిపోతోంది," అని అమ్మ గొంతుతో కసిరి వెళ్ళింది. అంకన్న ముక్కు ఎగబీల్చాడు. తలగుడ్డ ఊడి, నెత్తిన పొగంతా చెదిరి, ధూమకేశుడు ఖాళీ గోనెసంచిలా ముడుచుకుని, వాగు వైపు పాకుతూ మాయమయ్యాడు.

కొర్రన్న బావని జుట్టు పట్టి పైకి లాగాడు. ఇద్దరూ కావలించుకుని తిట్టుకుంటున్నారు. గొంతులన్నీ వెళ్ళిపోయాయి. ఒక్కటి తప్ప.

అది బాగా లావు గొంతు, కాస్త బద్ధకం గొంతు. పల్లకీ లేకుండా అంత దూరం ఎప్పుడూ పోయి ఎరగదు. నాలుగు బారలు ఎగిరి, అలిసిపోయి, చరియ మీద ఆవలిస్తున్న ఓ గడ్డం పోతుమేక నోట్లో దిగబడింది.

పోతుమేక నోరు మూసింది. మళ్ళీ తెరిచింది.

"ఎవరక్కడ!" అంది, సాక్షాత్తూ విరజాపురం మహారాజుగారి గొంతుతో.

అనడమే తడవు, కొండమీదున్న నలభై మేకలూ పరిగెత్తుకొచ్చి వరసగా నిలబడ్డాయి. పోతుమేక గడ్డం ఎత్తి, అంకన్న కేసి ఎగాదిగా చూసింది.

"మా తేనె ఒలకబోసిన ఆ లాడాలవాణ్ణి పట్టుకోండి!"

నలభై జతల కొమ్ములు ఒక్కసారి కిందకి వంగాయి. అంకన్న వెనక్కి ఒక అడుగు వేశాడు. వెనక కొండ అయిపోయింది.